సగం గడ్డం వాయిదా

కుందవరం వకీలు దివాకరయ్య మాట తేనె, పని మాత్రం వాయిదా. మంగలి పోలన్న తరఫున అతని అంగడి స్థలం దావాలో ఆయన ఏడేళ్లలో ఎనభై నాలుగు వాయిదాలు పుచ్చుకున్నాడు. నెలకొకటి, తప్పకుండా! తీర్పు వచ్చేదాకా అంగడికి తాళమే. పోలన్న పొది పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు.

ఒకనాటి ఉదయం వకీలు అతణ్ణి గడ్డం గీయమని పిలిచాడు. సాయంత్రం రాజుగారి కొలువులో ఆయనకు సన్మానం. పోలన్న కుడిచెంప నున్నగా గీసి, కత్తి పొదిలో పెట్టేశాడు.

"ఒరేయ్, ఎడమ చెంప?"

"వాయిదా అండీ! కత్తికి ఒంట్లో బాగాలేదు."

"సన్మానంరా నాకు!"

"నాకు అంగడండీ. తమరు తీర్పు తెస్తే కత్తి కోలుకుంటుంది."

ఊళ్లో ఇంకో మంగలి లేడు. వకీలు ముఖానికి కండువా చుట్టుకుని న్యాయస్థానానికి పరుగెత్తాడు. మధ్యాహ్నానికల్లా తాళం ఊడింది, ఎడమ చెంపా నునుపు తేలింది.

అప్పటినుంచీ వకీలు సగం గడ్డంతో వీధిన పడి పరుగెడితే, "ఇవాళ ఎవరి దావా తేలుతోంది, పోలన్నా?" అని జనం అంగడికొచ్చి అడుగుతారు.