లోయలో వాడిన పువ్వు

ఎండ కూడా ఆలస్యంగా దిగే కొండల దేశంలో ఒక రాజు ఉండేవాడర్రా. ఆయనకు ముగ్గురు కొడుకులు. పక్క దేశపు రాజకుమార్తె మకరందికను కరాళకంఠుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి, తడి ఆరని ఒక లోతైన లోయలో దాచాడు. వాడి ప్రాణం ఆ లోయలోనే, మూడు రేకుల నీలిపువ్వులో ఉంది. దాన్ని తుంచితే వాడు చస్తాడు. మరో పువ్వు తుంచితే తుంచినవాడే రాయైపోతాడు.

పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. నడిమివాడు వెళ్లాడు, రాలేదు. ఇక చిన్నవాడు ఉదయకేతుడు బయల్దేరాడు.

లోయలో అడుగుపెట్టి చుట్టూ చూశాడు. ఎటు చూసినా నీలిపువ్వులే, అన్నీ మూడు రేకులవే. వాటి మధ్య అన్నలిద్దరూ చేతిలో పువ్వుతో రాళ్లై నిలబడి ఉన్నారు. ఉదయకేతుడికి ఏడుపు ఆగలేదు.

పక్కనే పారే వాగులో కొట్టుకుపోతున్న సాలీడొకటి కనిపిస్తే ఆకుతో తీసి ఒడ్డున పెట్టాడు.

"నాయనా, వీటిలో ఒక్కటే నేలలోంచి మొలిచింది. మిగతావన్నీ వాడి మాయ," అంది సాలీడు.

"అదేదో చూపించు తల్లీ."

"నేనూ పోల్చుకోలేను. దాని కాడ తుంచితే నా దారంలాగే జిగురు సాగుతుంది. తుంచాక తెలిసి ఏం లాభం?"

లోయ చివరున్న గుహ చీకట్లోంచి మాంత్రికుడు నవ్వాడు. "ఎండ లోయ దాటేలోపు కొయ్యి. కొయ్యకపోయినా రాయివే."

ఉదయకేతుడు అన్నల చేతులు చూశాడు. పూజకు పూలు కోసేటప్పుడు అమ్మ ముగ్గురికీ ఒకటే చెప్పేది: వాడింది ముట్టుకోకండి, నిగనిగలాడేదే కొయ్యండి. పాపం, అన్నలు అలాగే కోశారు. కోసి నెలలైనా ఆ పువ్వులు కొంచెమైనా వాడలేదు. ప్రాణమున్న పువ్వు వాడకుండా ఎలా ఉంటుంది?

ఎండకు ఏ పువ్వు వాడుతుందా అని అక్కడే కూర్చుని ఎదురుచూశాడు. ఎండ ఎక్కి, దాటిపోసాగింది. పాదాలు చల్లబడి రాయి కావడం మొదలైంది. మోకాళ్లూ బిగుసుకున్నాయి. అప్పుడు పక్కనున్న బండ సందులో ఒకే ఒక్క పువ్వు ముడుచుకుని ముద్దైపోయింది.

"అమ్మా, నీ మాట దాటుతున్నాను," అని దాన్నే తుంచాడు.

కాడలోంచి జిగురు దారంలా సాగి, తెగింది. దాంతోపాటే మాంత్రికుడి నవ్వూ తెగిపోయింది. మాయపూలన్నీ మాయమయ్యాయి. అన్నలు ఒళ్లు విరుచుకున్నారు. మకరందిక గుహలోంచి నడిచొచ్చింది.

ఉదయకేతుడికీ మకరందికకూ పెళ్లైంది. చాలా ఏళ్లు చల్లగా రాజ్యం చేశారు. పూలబుట్టలో వాడిన పువ్వు కనిపిస్తే ఉదయకేతుడి అమ్మ మాత్రం ఇక పారేసేది కాదు. కళ్లకద్దుకుని, ముందు దాన్నే దేవుడి పాదాల దగ్గర పెట్టేది.