గంధం తీసిన చేతులు

దస్తగిరికి ఉన్న బాధ ఒక్కటే. పీరయ్య తాత అతనికి జపం ఇవ్వడం లేదు.

దర్గాలో చేరి చాలాకాలమైంది. అతని తరువాత వచ్చిన వాళ్లకు కూడా తాత చెవిలో జపం చెప్పి పంపాడు. గొర్రెలు కాసుకునే ఒక మనిషికి చెప్పాడు. జాకెట్లు కుట్టుకుని బతికే ఒకావిడకు చెప్పాడు. దస్తగిరి అడిగినప్పుడల్లా మాత్రం "చూద్దాంలేరా" అనేవాడు. ఆ చూడ్డం ఎప్పటికి అవుతుందో తెలియదు.

పెన్నేటి ఒడ్డున ఒక గుట్ట, దాని కింద ఆ దర్గా. అందులో ఉన్నది ఏ మహానుభావుడి సమాధో ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. దాన్ని చూసుకునే పీరయ్య తాత దూదేకుల ఆయన. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి పరుపులు కుట్టాడు. తరువాత తన గురువు పిలిస్తే వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మాటలు తక్కువ. ఎవరైనా కష్టం చెప్పుకుంటే పూర్తిగా వింటాడు, అంతే. అది చాలక వాళ్లు మళ్లీ మళ్లీ వస్తారనుకుంటే పొరపాటు. అది చాలుతుంది కాబట్టే వస్తారు.

దస్తగిరి తెలివితక్కువ వాడు కాదు. నిజానికి చిక్కంతా అక్కడే వచ్చింది. ఏదైనా ఒక్కసారి చూస్తే చాలు, ఇట్టే పట్టేస్తాడు. అతని ఫోన్‌లో ఎవరో ఒకరు ఎప్పుడూ ఏదో ఒకటి చేసి చూపిస్తూ ఉంటారు. ఇతను వెంటనే మొదలుపెడతాడు. నారింజ తొక్కలతో సబ్బు. కొబ్బరి చిప్పలతో దీపాలు. పాత పేపర్లు చుట్టి గులాబీలు. మందారాకుల తలనూనె. కుక్కర్లో కేకు. చేయడం, ఫొటో తీయడం, నలుగురికీ పంపడం, మర్నాడు ఇంకోటి మొదలుపెట్టడం.

తాత అన్నీ వాడేవాడు. కేకు అడుగు మాడితే టీలో ముంచుకుని తిన్నాడు. మందార నూనె జిగురు జిగురుగా ఉంటే అలాగే తలకు రాసుకుని రెండు పూటలు చీమల్ని దులుపుకున్నాడు. నురగ రాని నారింజ సబ్బుతో అది అరిగి మాయమయ్యేదాకా చేతులు కడుక్కున్నాడు. ప్రతిదానికీ "బాగుందిరా" అన్నాడు.

ఆ సబ్బు అయిపోయిన రోజు దస్తగిరిని పిలిచి, అయిపోయింది, ఇంకోటి చేస్తావా అని అడిగాడు.

"ఏ సబ్బు తాతా?" అన్నాడు దస్తగిరి. నిజంగానే అతనికి గుర్తు లేదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాడు. జపాలు కూడా ఇప్పుడు ఫోన్‌లో వస్తున్నాయని, ఎలా కూర్చోవాలో, ఊపిరి ఎలా తీయాలో అన్నీ చూపిస్తున్నారని, తను కొన్ని చేసి చూశానని చెప్పాడు.

"కుదిరిందా?" అన్నాడు తాత.

"కుదర్లేదు తాతా."

"అయితే ఇంకోటి చూడు."

ఎగతాళిగా అనలేదు, మామూలుగానే అన్నాడు. అందుకే దస్తగిరికి ఇంకా నొప్పి వేసింది. వంటశాల వెనక్కి వెళ్లి ఎవరూ చూడకుండా ఏడ్చాడు.

ఇంతలో ఉరుసు వచ్చింది.

ఆ దర్గా ఉరుసుకు గంధమే ముఖ్యం. గంధపు చెక్కను సానరాయి మీద నీళ్లతో అరగదీసి, ఆ గంధం గిన్నెలో పెట్టి, డప్పులతో ఊరేగించి సమాధికి పూస్తారు. అక్కడ ఇంకో ఆచారం కూడా ఉంది. ఊరేగింపు కదలక ముందు, గంధం తీసిన మనిషి గడపలో కూర్చుంటాడు. వచ్చినవాళ్లు అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంటారు. రోజుల తరబడి తీసిన చేతులు కదా, కడిగినా ఆ వాసన పోదు. తోపులాటలో సమాధి దాకా పోలేని ముసలివాళ్లకు, బాలింతలకు ఆ చేతులే దర్శనం.

ఏళ్ల తరబడి ఆ పని చేసిన మాబుసాబ్ నిరుడు చనిపోయాడు. తాత దస్తగిరిని పిలిచి సానరాయి, గంధపు చెక్క చేతికిచ్చాడు.

"ఈ యేడు గంధం నువ్వు తియ్యిరా."

దస్తగిరి గాల్లో తేలిపోయాడు. గంధం తీసే పని ఇచ్చాడంటే, ఉరుసు అయ్యాక జపం ఇచ్చినట్టే. ఆ సంతోషంలో తెల్లారకముందే స్నానం చేసి సాన ముందు కూర్చున్నాడు. ఎండెక్కేదాకా తీశాడు. భుజం పీకింది, నడుము పట్టేసింది. రాయి మీద చూస్తే గోటికి అంటేంత గంధం. గిన్నె చూస్తే పెద్దది.

చేయి తుడుచుకుని ఫోన్ తీశాడు.

దొరక్కుండా ఎలా ఉంటుంది? ఒకమ్మాయి నవ్వుతూ చేసి చూపించింది. బజార్లో దొరికే గంధం పొడి, ముల్తానీ మట్టి, కొంచెం పసుపు, రోజ్ వాటర్. మిక్సీలో వేసి తిప్పితే మెత్తటి ముద్ద. ఆవిడ దాన్ని ముఖానికి పూసుకుంది. పూసుకునేది ముఖానికైతేనేం, సమాధికైతేనేం, గంధం గంధమే కదా అనుకున్నాడు దస్తగిరి. సానరాయి శుభ్రంగా కడిగి, చెక్కను గుడ్డలో చుట్టి దాచేశాడు. ఉరుసుకు ముందురోజు బజారుకు వెళ్లి అన్నీ తెచ్చాడు. చెయ్యి తగలకుండా చెంచాతో కలిపాడు. ఒక్క పూటలో గిన్నె నిండింది.

తీసుకెళ్లి తాతకు చూపించాడు. ఎలా చేశాడో ఏదీ దాచకుండా చెప్పాడు. దాచాల్సిందేదో ఉందని అతనికి తోచలేదు, పైగా గొప్పగా ఉంది.

తాత గిన్నె దగ్గరికి తీసుకుని వాసన చూశాడు.

"బాగుందిరా," అన్నాడు. కేకును, సబ్బును అన్నట్టే అన్నాడు.

మర్నాడు జనం బాగా వచ్చారు. దస్తగిరి తెల్లటి పంచె కట్టుకున్నాడు. ఈమధ్యే మళ్లీ చేసిన నారింజ సబ్బుతో, ఈసారి నురగ బాగా వచ్చింది గానీ వాసనే లేదు, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని గడపలో కూర్చున్నాడు. పక్కన గిన్నె పెట్టారు. తాత కొంచెం ఎడంగా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు.

ఒక్కొక్కరే వచ్చి చేతులు కళ్లకు అద్దుకుని లోపలికి పోతున్నారు. ఒకరిద్దరు ఆగి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పండగపూట ఎందుకులే అనుకున్నారేమో, లోపలికి పోయారు.

వన్నూరమ్మ వచ్చింది. ఆమెకు చూపు పోయి చాలాకాలమైంది. రెండు బస్సులు మారి, మనవరాలి భుజం పట్టుకుని ప్రతి ఉరుసుకూ వస్తుంది. లోపలికి పోదు. గంధం తీసిన చేతులు కాసేపు మొహం దగ్గర పెట్టుకుని, సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లిపోతుంది. ఆ కాసేపటి కోసమే ఆమె రావడం. ఈ సంగతి దర్గాలో అందరికీ తెలుసు. దస్తగిరికీ తెలుసు.

ఆమె అతని చేతులు పట్టుకుని మొహానికి ఆనించుకుంది. అలాగే ఉండిపోయింది. అరచేతులు తిప్పి వెనకవైపు వాసన చూసింది. వేళ్ల సందుల్లో చూసింది. మళ్లీ అరచేతుల దగ్గరికి వచ్చింది. తరువాత నెమ్మదిగా వదిలేసింది.

"చల్లగుండు నాయనా," అని అతని తల నిమిరింది.

తాత ఎటువైపు ఉన్నాడో మనవరాలిని అడిగి అటు తిరిగింది.

"కళ్లు పోయినప్పుడు శానా ఏడ్చినా పీరయ్యన్నా. ఇప్పుడు ముక్కు గూడా పోయినట్టుండాది. సరేలే. ఆయప్ప ఇచ్చిందే గదా, ఆయప్పే తీసుకుంటాండాడు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. మనవరాలి భుజం మీద చెయ్యి వేసి, పోదాం పదమంది.

దస్తగిరి తాత వైపు చూశాడు. తాత ఎటో చూస్తున్నాడు. ఆ మాట వెనకవాళ్లెవరికీ వినబడలేదు. ఊరుకుంటే అంతటితో అయిపోతుంది. ఆమె వెళ్లిపోతుంది, ముక్కు పోయిందనుకుంటూ బతుకుతుంది. అతనికి జపం రావచ్చు కూడా.

"అవ్వా," అన్నాడు. "నీ ముక్కు పోలేదు. నేను గంధం తియ్యలేదు."

ఈసారి అందరికీ వినబడింది. దస్తగిరికి తల ఎత్తాలనిపించలేదు.

తాత లేచి లోపలికి వెళ్లాడు. సానరాయి, గుడ్డలో చుట్టిన చెక్క, ఒక చెంబు నీళ్లు తెచ్చి దస్తగిరి ముందు పెట్టాడు. వెళ్లి మళ్లీ స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు.

దస్తగిరి రాయి తడిపి తీయడం మొదలుపెట్టాడు.

ఊరి పెద్దలు వచ్చి ఊరేగింపుకు వేళవుతుందని తాతను తొందరపెట్టారు. గిన్నెలో అంత గంధం ఉండగా ఇదేమిటని ఒకాయన అన్నాడు. తీరా గిన్నెలో చూస్తే ఆ ముద్ద ఎండకు గట్టిపడి నీళ్లు లేని చెరువులా నెర్రెలు విచ్చింది. ఆయన వెనక్కి తగ్గాడు. డప్పుల వాళ్లు డప్పులు పక్కన పెట్టి నీడకు చేరారు. మనవరాలు బస్సు పోతుందని గొణిగింది. వన్నూరమ్మ, పోతే పోనీ అని అక్కడే గోడవార చతికిలబడింది.

మొదట్లో దస్తగిరి చెక్క ఎత్తి ఎత్తి చూసుకున్నాడు. ఎంత వచ్చిందో, ఎవరెవరు చూస్తున్నారో అని. సిగ్గు, భయం, ఆ అవ్వ మొహం, అన్నీ తలలో తిరిగాయి. జేబులో ఫోన్ మోగింది. కాసేపటికి మళ్లీ మోగింది. ఆ రెండోది అతను విన్నట్టు లేదు. చెక్క రాయి మీద గుండ్రంగా తిరుగుతోంది. నీళ్లు ఆరితే చిలకరిస్తున్నాడు. మళ్లీ తిప్పుతున్నాడు. వేలి చివర చర్మం లేచింది. గంధం ఎంత వచ్చిందో చూడడం ఎప్పుడు మానేశాడో అతనికే తెలియదు.

పొద్దు గుట్ట వెనక్కి దిగింది. జనం గుసగుసలు కూడా మానేశారు. చెక్క చప్పుడొక్కటే వినిపిస్తోంది.

గోడ దగ్గర వన్నూరమ్మ తల ఎత్తింది.

"పీరయ్యన్నా," అంది. "ఉండాది. ముక్కు ఉండాది."

దస్తగిరి చెయ్యి ఆగింది. మనవరాలు ఆమెను నడిపించుకొచ్చింది. వన్నూరమ్మ ఆ తడి చేతుల్ని అలాగే పట్టుకుని మొహమంతా ఆనించుకుంది. గంధం ఆమె ముక్కుకు, బుగ్గలకు అంటింది. దస్తగిరి ఏడుస్తున్నాడు. ఇప్పుడు ఎవరు చూసినా అతనికి పట్టలేదు.

"చాలు," అన్నాడు తాత.

రాయి మీద ఉన్నంత గంధాన్నే తమలపాకులో తీసి, ఆ ఆకునే ఊరేగించారు. సమాధికి ఒక్క బొట్టు పెట్టడానికి సరిపోయింది. ఇక గిన్నెలోని ముద్దను ఆడవాళ్లు పారేయనివ్వలేదు. తలా కాస్త తీసుకెళ్లి నీళ్లతో కలిపి ముఖాలకు పూసుకున్నారు. ముఖానికి మంచిదేనట. ఆ సంగతిలో అబద్ధం ఆడాల్సిన పనేం ఉంది?

వన్నూరమ్మకు బస్సు పోనే పోయింది. ఆ రాత్రికి దర్గాలోనే పడుకున్నారు.

పొద్దున తాత లేచి వచ్చేసరికి గడపలో సాన చప్పుడు వినబడుతోంది. దస్తగిరి కూర్చుని గంధం తీస్తున్నాడు. వేలికి గుడ్డపేలిక కట్టుకున్నాడు.

"ఉరుసు అయిపోయింది గదరా," అన్నాడు తాత. "ఇంకెవరికి?"

"అవ్వ పొయ్యేలోపు రవ్వంత ఆకులో కట్టిద్దామని తాతా."

తాత అతని పక్కన కూర్చున్నాడు. చెక్క తిరుగుతుంటే కాసేపు చూశాడు.

"జపం అడగవేంరా?"

దస్తగిరి తల తిప్పలేదు.

"ఇది కానీ తాతా," అన్నాడు.

తాత కొంచెం ముందుకు వంగాడు. తిరుగుతున్న ఆ చేతిని ఆపకుండానే, అతని చెవిలో చెప్పాడు.