కంచె లేని మూడు మళ్ళు

అనగనగా, కృష్ణానదికి దక్షిణాన కొండలు మొదలయ్యే చోట ఒక అడవి. ఆ అడవిలో చుక్కల జింకల మంద ఉండేది, మొత్తం పదకొండు. పిల్ల ఏ చెట్టు కింద పుడితే ఆ చెట్టు పేరే దానికి పెట్టడం వాటి ఆచారం. మందకు పెద్ద కరక. దాని ఒక్కగానొక్క కూతురు తునికి.

ఆ జింకలకు ఒక కట్టుబాటు ఉండేది పిల్లలూ. కొండముచ్చు కాపలా లేని చోట మేయకూడదు. కొండముచ్చు చెట్టు చివర కూర్చుని పులినీ మనిషినీ దూరం నుంచే చూస్తుంది. కూత పెడుతుంది. జింకలు పరుగెత్తుతాయి. వాటికి కాపలా కాసేది మసిమూతి అనే ముసలి కొండముచ్చు. అందరికీ అది మామ. ఇంకో కట్టుబాటు, కరక తన ముందుకాలి గిట్టను నేలకు తాటించేదాకా ఎవరూ బయలులోకి అడుగు పెట్టకూడదు.

ఒక వేసవిలో గడ్డి మాడిపోయింది. అప్పుడు ఓబులేసు అనే మనిషి అడవి అంచున మూడు మళ్ళు చదును చేశాడు. చెట్లను ఆనుకుని ఉన్న మొదటి మడిలో ఉలవలు చల్లి, బోరు నీళ్ళు పెట్టాడు. పచ్చగా లేచింది. జింకలు మేశాయి. ఓబులేసు అదిలించలేదు.

రెండో ఏడు మొదటి మడికి పెంట తోలి, ఖాళీగా వదిలేశాడు. దాని అవతలి మడిలో బొబ్బర్లు వేశాడు. అలా మార్చడం మంచి సేద్యమే. పప్పుజాతి మొక్కల వేళ్ళకు బుడిపెలుంటాయనీ, అవి నేలకు బలమనీ మా కాలేజీలో వృక్షశాస్త్రం మాస్టారు చెప్పేవారు. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని దానికోసమే బల్లంతా వెతికేవారు పాపం. అది వదిలేయండి. ఓబులేసుకు నేల సంగతి తెలుసు. జింకల సంగతి అంతకన్నా బాగా తెలుసు.

రెండో మడి చెట్లకు కాస్త దూరం. అయినా మామ కూత లీలగా వినిపించేది. జింకలు అక్కడా మేశాయి.

మూడో ఏడు పిల్లిపెసర మూడో మడిలో మొలిచింది. అది బట్టబయలు మధ్యలో ఉంది. పక్కన ఎత్తుగా ఒక మంచె లేచింది.

ఒకనాడు తెల్లవారుతుండగా మంద అంచుకు వచ్చి నిలబడింది. తునికి వెనక దాని రెండు నెలల పిల్ల ఇప్ప ఉంది.

"కరకా, ఆగు," అన్నాడు మసిమూతి. "అక్కడికి నా కూత అందదు. నేను ఎక్కడానికి చెట్టూ లేదు."

"రెండేళ్ళు తిన్నాం మామా. ఏమైంది?" అంది కరక.

"ఊళ్ళో రైతులు కంచె వేస్తారు. డప్పు కొడతారు. వడిసెలతో రాళ్ళు విసురుతారు. వీడు ఒక్క రాయి విసిరాడా? చేను కాసుకోనివాడికి మంచె దేనికి?"

తునికి నవ్వింది. "మామకు కుళ్ళు. మనకు కడుపు నిండితే తన పెద్దరికం పోతుందని. పిల్లకు పాలు చాలడం లేదమ్మా. ఎండుటాకులు తిని ఎన్నాళ్ళు ఇవ్వను?"

కరక పచ్చటి మడి వైపు చూసింది. కూతురి డొక్కల వైపు చూసింది. మంచె వైపు మాత్రం చూడలేదు. గిట్ట తాటించింది.

తునికి అందరికన్నా ముందు వెళ్ళింది. నాలుగు రెమ్మలు తిన్నది. మంచె మీద తుపాకీ పేలింది.

మంద చెదిరిపోయింది. కరక అడవిలోకి వచ్చాక లెక్క చూసుకుంటే ఒకరు తక్కువ. ఇప్ప మాత్రం తల్లి కోసం అంచు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళింది. మసిమూతి మామ నేను ముందే చెప్పానని అనలేదు. అలా అనకపోవడం చాలా పెద్ద మనసు పిల్లలూ, మనలో ఎందరికో లేనిది.

ఆ వేసవి ఇంకో తల్లి పాలతో ఇప్ప బతికింది.

నాలుగో ఏడు ఓబులేసు మళ్ళీ మొదటి మడి దున్ని ఉలవలు చల్లాడు. గడ్డి మళ్ళీ మాడింది. ఇప్ప ఎముకలు తేలి ఉంది.

"అవ్వా, ఇది ఆ మడి కాదు," అంది ఇప్ప. "చెట్ల పక్కనే ఉంది. మామ కూత వినిపిస్తుంది. ఇక్కడ ఎవరూ చావలేదు కదా."

"లేదు. ఇక్కడ మనం అలవాటు పడ్డాం," అంది కరక. "పంట మారింది, మడి మారింది. వేసేవాడు మారలేదు. ఎవరికోసం వేస్తున్నాడని నేను ఒక్కసారీ అడగలేదు. ఆ గిట్ట తాటించింది నేనే తల్లీ."

"నాకు ఆకలిగా ఉందవ్వా."

"తెలుసు."

కరక దారికి అడ్డంగా పడుకుంది. ఆ తర్వాత రోజూ మందను కొండ మీదికి ఎక్కించి, ఎండిన చెట్ల కింద రాలిన కాయలు వెతికించింది. రెండు ముసలి జింకలు ఆ ఎండకు ఆగలేదు. ఇప్ప ఆగింది.

ఉలవ పూసింది, కాసింది, నిలువునా ఎండింది. ఆ మడిలో ఒక్క గిట్ట గుర్తు కూడా పడలేదు.

నీతి: ఊరికే దొరికిన మేతను చూసి మురిసిపోకు; ముందు పెట్టేవాడి మనసు చూడు. నిన్ను నమ్మి నడిచేవాళ్ళుంటే రెండుసార్లు చూడు.