ఉత్తరపు దిబ్బ మీది ముక్కు

సముద్రానికీ సరుగుడు తోటకీ నడుమనున్న ఇసకంతా తనదేనని వీరభద్రం నక్క చెప్పుకునేవాడు. రుజువా? ఉత్తరపు దిబ్బ మీద వాళ్ల తాత కూర్చునేవాడు. మాఘమాసంలో దక్షిణపు గాలి వీచి, తాబేలు గుడ్ల వాసనను నేరుగా దిబ్బకే మోసుకొచ్చేది. ఇంతకన్నా పట్టా ఏం కావాలి?

ఈ మాట వింటేనే ఎర్రపీత పైడికి కళ్లు నిక్కేవి. "గాలి ఎవడబ్బ సొమ్ము?" అని పెద్ద డెక్క పైకెత్తేది.

ఆ ఏడు మాఘంలో, తెల్లవారుజామున తాబేలు నూకాలు ఒడ్డెక్కి, తోట ముందు గుంట తవ్వి నూట పది గుడ్లు పెట్టింది. తిరిగి పోబోతుంటే కుడికన్ను ధారగా కారుతోంది.

"ఏడవకు అత్తా! నీ ప్రతి కన్నీటి బొట్టూ నిప్పురవ్వ అవుతుంది!" అంది పైడి.

"ఏడుపు కాదే పిచ్చిదానా, ఒడ్డెక్కుతుంటే ఇసక కొట్టింది. నేను మొదట్లో వచ్చేటప్పుడు ఇదే నెలలో ఎడమకంట్లో కొట్టేది. అప్పుడు దక్షిణపు గాలి. తర్వాత కొన్నేళ్లు ఎదురుగా కొట్టి రెండు కళ్లూ మండాయి. ఇప్పుడు మూడేళ్లుగా కుడికన్నే. గాలి ఉత్తరానికి తిరిగిందే."

"మేం ఇక్కడే ఉంటాం కదా, మాకు తెలీలేదేం?"

"రోజూ చూసేవాళ్లకు నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏం కనిపిస్తుంది? నేను ఏడాదికోసారి వస్తాను. సరే, మూడు రోజులు నా గుడ్లు కాయండి. ఆ తర్వాత ఏ ముక్కుకీ వాసన అందదు." అలా చెప్పి నూకాలు నీళ్లలోకి జారిపోయింది.

పైడి వెంటనే ఊరేగింపు తీసింది. "పెత్తనం నశించాలి!" అంటూ నాలుగొందల పీతలు దిబ్బ ముట్టడికి బయల్దేరాయి. అన్నీ పక్కకే నడవడంతో సముద్రంలో తేలాయి. ఒక్క మేలు మాత్రం జరిగింది: నూకాలు పాకిన జాడంతా వాటి కాళ్ల కింద చెరిగిపోయింది.

తడిసిన పైడి నీళ్లు కక్కుతూ ఆలోచించింది. గాలి ఉత్తరంది. గుడ్లు దిబ్బకు దక్షిణాన ఉన్నాయి. వీడు దిబ్బ దిగకపోతే చాలు. ఒంటరిగా దిబ్బ కిందికి వెళ్లింది.

"ఏమే పీతా, విప్లవం మునిగిందటగా?" అన్నాడు నక్క.

"చిత్తం దొరా, బుద్ధొచ్చింది." దొరా అన్నందుకు పైడి నోరు చేదెక్కింది. "తోటలో ఏదో అనుకుంటున్నారు. మీ తాతగారు దిబ్బ దిగకుండానే గుంట ఎక్కడో చెప్పేవారట. మీరైతే వీధికుక్కలా ఇసకంతా మూతి రాసుకుంటూ తిరుగుతారని..."

"కుక్కలానా!" నక్క తోక నిలబడింది. "మూడు రోజులు ఈ దిబ్బ దిగను. దిగితే వాసన తగిలిన వైపే దిగుతాను. మాట తప్పితే నా తోక కోసుకో!"

"గుడ్లు దొరికాయా, నేనే నడిచి మీ నోట్లోకొస్తాను."

"తిన్నగా వస్తావా?"

"పక్కగా. నాకు ఇంకోలా రాదు."

మొదటి రోజు నక్క దక్షిణానికి ముక్కు చాచి కూర్చున్నాడు. ఏమీ తగల్లేదు. పైడి బొరియలోంచి కళ్లు మాత్రం బయటపెట్టి చూస్తోంది. గాలి కాస్త తిరిగిందా, నూట పది గుడ్లూ తనూ ఒక్క పూటకే సరి.

రెండో రోజు నక్క వీపు మీది బొచ్చంతా ముందుకు లేచి చెవుల్లో పడింది.

"గాలి వెనకనుంచి వస్తున్నట్టుంది దొరా?" పైడి ఉండబట్టలేక అనేసి నాలుక్కరుచుకుంది.

"నోర్ముయ్! మాఘంలో దక్షిణపు గాలే వీస్తుంది. ఇది వెళ్లి మళ్లీ తిరిగొస్తోంది."

మూడో రోజు సాయంత్రం నక్క ముక్కు అదిరింది. ఉప్పుగా, నీచుగా, నోరూరే వాసన! అదీ ఉత్తరం నుంచి.

"దొంగ తాబేలు! అటు దాచిందా!"

"వాసన తగిలిన వైపేనన్నారు దొరా," అంది పైడి వినయంగా.

నక్క దర్జాగా ఉత్తరానికి దిగాడు. అటున్నది జాలరిపేట. అక్కడ ఆ రోజే కవ్వళ్ల చేపలు ఎండేశారు. వాటి పక్కనే పద్నాలుగు కుక్కలు పడుకున్నాయి. కుక్కల వాసన కూడా నక్కకు తగిలింది కానీ, వాటి గురించి ఆలోచించడమే పరువు తక్కువనుకున్నాడు. నేరుగా వెళ్లి పెద్దకుక్క పొట్ట మీద కాలేశాడు.

"ఎవడ్రా నువ్వు?"

"ఈ ఇసకకు దొరని! మా తాత..."

"మీ తాత గురించి మా తాత చెప్పేవాడు. కాలు చాలా రుచిగా ఉండేదట!" అంది కుక్క.

చీకటి పడేలోగా ఇసక గుడ్ల వాసనను మింగేసింది. సగం తోక పేటలోనే వదిలేసి, కుంటుకుంటూ తోట దాటి పారిపోతున్న వీరభద్రం మాత్రం, ఈ ఏడు గాలికి క్రమశిక్షణ లేదని తిడుతూనే ఉన్నాడు.

నీతి: తాతలనాటి పెత్తనానికి గాలి ఏనాడూ సంతకం పెట్టలేదు.