ఊబివాగుకి రాని చప్టా

ఏడు గుట్టల అడవిలో ఎండలు ముదిరాయంటే జంతువులన్నీ ఒక్క సంగతే మాట్లాడుకుంటాయి. ఈ ఏడాది రాళ్లు ఎవరి దారికి పడతాయి? బండలు మోసి దారి వెయ్యగలిగింది ఒక్క ఏనుగే. ఆయనకైనా ఒక వేసవిలో ఒక్క దారికే ఓపిక. ఆ ఓపికకి మేత కావాలి గనక ప్రతి గుట్టా తన వాటా తెచ్చి వెయ్యాలి. ఎవరి దారి ముందో తేల్చడానికి దారుల సంఘమని ఒకటుంది. దానికి ఏనుగు అధ్యక్షుడు, గుంటనక్క కార్యదర్శి, దారుల్లో అడుగులు లెక్కపెట్టొచ్చేది కొంగ.

రాళ్లగుట్ట కింది పశువుల మంద ఏ ఏడూ వాటా ఎగ్గొట్టలేదు. డొక్కలు ఎండుతున్నా తెచ్చి వేసింది. ఆ మందకున్న కష్టమల్లా ఊబివాగు. ఇవతల గట్టున గడ్డి ఎండాకాలం రాగానే మాడిపోతుంది. అవతల ఊటల పక్కన మాత్రం పచ్చగా నిగనిగలాడుతుంది. వాగులో నీళ్లు మోకాటి లోతే గానీ అడుగంతా ఊబి. దిగినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు బహు తక్కువ. అందుకని పచ్చికని కళ్లెదుటే పెట్టుకుని మంద ఎండుటాకులు నములుతూ ఉంటుంది.

మందకి పెద్ద మైలన్న అనే ముసలి ఎద్దు. అతని జోడు పుల్లన్న. ఒకే కాడి కింద ఇద్దరి మెడలూ కాయలు కాచాయి. కాడి దిగి అడవికొచ్చినా పుల్లన్న ఎడమ పక్కన, మైలన్న కుడి పక్కన నడవడం మానలేదు. ఈ వేసవికి పుల్లన్న ఎముకల గూడయ్యాడు. పచ్చిగడ్డి దొరక్కపోతే వానలు చూడడని మైలన్నకి తెలిసిపోయింది. అందుకే సంఘం ముందుకి తానే వెళ్లాడు.

“అయ్యా, ఊబివాగు మీద రాళ్లు పరిచి చప్టా వేయించండి. మావాళ్లు రాలిపోతున్నారు.”

నక్క గొంతు సవరించుకుంది. “నీ బాధ నాకు తెలీదా మైలన్నా? కానీ సంఘానికో పద్ధతుంది. ఏ దారిలో అడుగులు ఎక్కువ కనబడితే ఆ దారికే రాళ్లు. ఏం కొంగా, ఊబివాగు దగ్గర ఎన్ని?”

“ఒక్కటీ లేదు,” అంది కొంగ, కాలు మార్చి నిలబడుతూ.

“దిగితే చస్తాం గనక దిగట్లేదు!”

“ఎందుకు దిగట్లేదో కొంగకెట్టా తెలుస్తుంది? అది చూసేది అడుగుల్నే. అదే మా దోసపాదుల దారి చూడు, ఎన్ని అడుగులో!”

ఎందుకుండవూ! నక్క బలగమంతా పొద్దస్తమానం ఆ దారిలో అటూ ఇటూ ఉరుకుతూనే ఉంది. మైలన్నకి అది తెలియక కాదు. అయినా రచ్చ చెయ్యకుండా వాళ్ల పద్ధతిలోనే నెగ్గుదామనుకున్నాడు. ఇంటికెళ్లి మందనంతా లేపి, వాగు గట్టుదాకా నడిపించి, మళ్లీ వెనక్కి తోలుకొచ్చాడు. గట్టంతా గిట్టల గుర్తులు పడ్డాయి.

కొంగ చూసొచ్చి సభలో చెప్పింది. “అందరూ గట్టుదాకా వచ్చారు, వచ్చినట్టే వెనక్కి తిరిగారు. అవతల వాళ్లకి పనేమీ ఉన్నట్టు లేదు.”

ఏనుగు జాలిగా చూశాడు. “నేనేం చెయ్యను మైలన్నా. లెక్క దాటి నేను రాయి ఎత్తలేను.”

నక్క బయటిదాకా సాగనంపింది. “అవతలి గట్టున అడుగులు కనబడాలయ్యా. ఒక్కరు దాటినా చాలు, మిగతాది నేను మాట్లాడతా.”

ఆ మాట మందకి చెప్పి, తానే దిగుతానని మైలన్న ముందుకొచ్చాడు. పుల్లన్న అడ్డం నిలబడ్డాడు.

“ఒరేయ్, నువ్వు బరువు. నేనా ఎముకలు తప్ప ఏమీ లేనోణ్ణి. నన్ను ఊబి ఏం పట్టుకుంటుంది?”

“వద్దురా పుల్లా.”

“నోరున్నోడివి నువ్వు గట్టునుండాలి. సభలో మాట్లాడేది ఎవరు మరి?”

దిగాడు. రెండుసార్లు పొట్టదాకా కూరుకుని, రెండుసార్లూ పెనుగులాడి పైకొచ్చాడు పుల్లన్న. ఆఖరికి అవతలి గట్టెక్కి, పచ్చికలో మూతి పెట్టాడు. మంద మొత్తం ఒక్కసారిగా అంబా అంది. మైలన్న కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు.

“అక్కడే ఉండరా! చప్టా పడ్డాక వద్దువుగాని!” అని కేకేసి సభకి పరిగెత్తాడు. కొంగ అప్పటికే వచ్చి చెప్పేసింది.

“చూశారా?” అన్నాడు మైలన్న రొప్పుతూ. “మావాడు దాటాడు!”

“చూశాం,” అంది నక్క. “చప్టా లేకుండానే దాటాడు. ఇక చప్టా ఎందుకూ?”

ఏనుగు నేలకేసి చూస్తూ తొండం ఊపాడు. రాళ్లు దోసపాదుల దారికి పోయాయి.

మైలన్న కాళ్లీడ్చుకుంటూ వాగు దగ్గరికొచ్చాడు. అవతల నుంచి పుల్లన్న చూశాడు. జోడు తల వేలేసుకుని నిలబడితే అతని కాళ్లు ఆగలేదు. నోటినిండా పచ్చిగడ్డి కరుచుకుని వాగులోకి దిగాడు.

“రావద్దురా! ఆగరా!”

సగం వాగు దాటాక ఊబి పట్టుకుంది. ఈసారి వదల్లేదు.

మైలన్న ఏనుగు కోసం ఉరికాడు. బండ ఎత్తగలిగినవాడు ఎద్దుని లాగలేడా? దారిలో నక్క ఎదురొచ్చింది. “అధ్యక్షులవారు అవతలి గుట్టలో రాళ్లు మోస్తున్నారు. పొద్దుపోతే గానీ రారు. నీ అర్జీ వచ్చే సభలో పెడతాలే.”

తిరిగొచ్చేసరికి పుల్లన్న మెడ మాత్రం పైనుంది. నోట్లోంచి జారిన గడ్డి నీళ్ల మీద తేలుతూ ఇవతలి గట్టుకి తగిలింది.

“తినరా మైలా,” అన్నాడు పుల్లన్న. “తియ్యగా ఉంది.”

మైలన్న తినలేదు. పొద్దు గుంకేదాకా జోడుతో మాట్లాడుతూనే ఉన్నాడు. తర్వాత మాట్లాడటానికి వాగులో ఎవరూ లేరు. ఎడమ పక్క ఖాళీగా పెట్టుకుని ఇంటికి నడిచాడు.

మర్నాడు కొంగ వచ్చి అవతలి గట్టున వాలింది. గడ్డి దగ్గరికి వెళ్లిన అడుగులున్నాయి, గడ్డి దగ్గర్నుంచి మళ్లీ నీళ్లవైపు వచ్చిన అడుగులూ ఉన్నాయి. ఊబిలో అడుగు నిలవదు గనక నడుమ ఏమైందో దానికి కనబడలేదు. సభకి పోయి చెప్పింది.

“ఊబివాగు దాటింది ఒక్కడు. క్షేమంగా తిరిగొచ్చాడు.”

ఆ సాయంత్రమే నక్క బలగం మేత వాటాకి వచ్చింది. మైలన్న మారు మాట్లాడకుండా తెచ్చి వేశాడు.

నీతి: దాటలేనివాడి బాధ అడుగుల్లో పడదు; అడుగులే చూసేవాడు ఆ వాగుకి ఎన్నటికీ రాయి వెయ్యడు.