గవరయ్య గూళ్ల దుకాణం

ఎర్రగట్టు అడవికి సిగ్నల్ వచ్చాక జంతువులన్నీ ఫోన్లు కొన్నాయి. ఫోన్లతో పాటు గ్రూపులు వచ్చాయి, గ్రూపుల్లో తగాదాలు వచ్చాయి, చివరికి వ్యాపారాలూ వచ్చాయి.

వాగు ఒడ్డున తుమ్మచెట్టు మీద గవరయ్య అనే గిజిగాడు ఉండేవాడు. గూళ్లు అల్లి ఆన్‌లైన్‌లో అమ్మాలని అతని కోరిక. మొదటి గూడు పక్క కొమ్మ మీది గోరువంకకు ఇచ్చాడు. అది వానకు కారింది. గోరువంక గ్రూపులో అందరి ముందూ కడిగేసింది. గవరయ్య సిగ్గుతో కొన్నాళ్లు ఫోను ముట్టలేదు. తర్వాత ఆ గూడు విప్పి, గడ్డి మార్చి, మళ్లీ అల్లాడు. కారలేదు. అప్పుడు ఫోటో తీసి పెట్టాడు.

అవతలి గట్టు నుంచి ఒక పావురం తనకూ గూడు కావాలంది. కాకి చేత పంపితే దారిలో నలిగిపోయింది. దాంతో ఆకుల్లో చుట్టి పంపడం నేర్చుకున్నాడు. అలా అలా సొంతంగా ఒక పేజీ తెరిచాడు.

ఒకరోజు నాగభూషణం అనే నక్క చెట్టు కిందికి వచ్చాడు.

"ఇంత నిదానమైతే ముసలాడివైపోతావు గవరయ్యా. ముందు పేరు రావాలి, సరుకు తర్వాత చూసుకోవచ్చు."

"నాకు అల్లడం వచ్చినంతే అమ్ముతానన్నా."

"అందుకే ఇంకా చెట్టు మీదే ఉన్నావు."

"పిట్టను కదన్నా."

నక్క ఇంటికెళ్లి గవరయ్య ఫోటోలన్నీ తన పేజీలో పెట్టుకున్నాడు. 'నా చేతి అల్లిక. పిట్టకు గూడు, పిల్లకు ఉయ్యాల, ఏదైనా సరే' అని రాశాడు. వాగులో కప్పలను మాట్లాడుకుని కింద 'బాగుంది, బాగుంది' అనిపించాడు.

అది చూసి చెంగమ్మ అనే చిరుత తన పిల్లకు ఉయ్యాల కావాలని, ముందుగానే ఒక జింక తొడ పంపింది. నక్క ముందు తొడ తిన్నాడు, ఆ తర్వాత ఉయ్యాల సంగతి ఆలోచించాడు. నేరుగా గవరయ్య దగ్గరికి వెళ్లాడు.

"ఒక గూడు కావాలోయ్."

"ఎవరికన్నా? ఎంత బరువు ఆపాలి?"

"మా ఉడుత మరదలికి. బక్కప్రాణి."

నక్కకు ఉడుత మరదలు ఎలా అయిందో గవరయ్య అడగలేదు. ఉడుతకు సరిపడా అల్లి ఇచ్చాడు. నక్క దాన్నే ఉయ్యాలని చెప్పి చెంగమ్మకు పంపాడు.

చెంగమ్మ దాన్ని చల్లగాలికని వాగు మీదికి వంగిన కొమ్మకు కట్టి, పిల్లను పడుకోబెట్టింది. గూడు అడుగు ఊడింది. పిల్ల నీళ్లలో పడింది. తల్లి దూకి మెడ పట్టి లాగేసరికి అది ఊపిరాడక వణుకుతోంది. పిల్ల తుమ్మి, ఏడ్చి, తేరుకున్నాక చెంగమ్మ నక్క కోసం బయలుదేరింది. తుమ్మచెట్టు కింద దొరికాడు.

"నేను అల్లలేదు దొరసానీ! ఇదిగో, ఈ గవరయ్య అల్లాడు."

గవరయ్య తల్చుకుంటే ఎగిరిపోవచ్చు. అయినా ఎగిరిపోలేదు. "అల్లింది నేనేనమ్మా. ఉడుత కోసమని అడిగాడు."

చెంగమ్మ ఫోను తీసింది. "ఇక్కడ నీ చేతి అల్లిక అని ఉందే?"

"వ్యాపారంలో అలాగే రాస్తాం దొరసానీ."

"నువ్వు అల్లి ఉంటే నా పిల్లను నీళ్లలో పడేసింది నువ్వే. అల్లకపోతే నన్ను మోసం చేసింది నువ్వే. నీకేది నచ్చితే అది ఒప్పుకో."

నక్క ఏదీ ఒప్పుకోలేదు. చెంగమ్మ పైకి చూసింది.

"పిట్టా, నా పిల్లకు ఉయ్యాల నువ్వు అల్లగలవా?"

అంత పెద్ద గిరాకీ గవరయ్య గడప తొక్కడం అదే మొదలు.

"ఇప్పుడు నా వల్ల కాదమ్మా. ముందు కుందేలు బరువుకు అల్లి చూస్తాను. అది తెగకుండా ఆగితే పందిపిల్ల బరువుకు. అదీ ఆగితే మీకు కబురు పెడతాను."

"అందాకా నా పిల్ల ఎక్కడ పడుకోవాలి?"

చెంగమ్మ పిల్లను తెచ్చి నక్క వీపు మీద పెట్టింది. "ఊపు," అంది.

గవరయ్య కుందేలు దాటి పందిపిల్ల దాకా వచ్చాడు. చిరుతపిల్లేమో నెలనెలా బరువెక్కుతోంది. నక్క ఊపుతూనే ఉన్నాడు.

నీతి: చేతనైనంతే అమ్మేవాడి దుకాణం నిదానంగానైనా పెరుగుతుంది, చేతకానిది అమ్మినవాడు ఆ బరువు తానే మోయాలి.