ఏడుపు ఆగినచోట

గైడు సాల్మన్ మాస్టారు విరజ వ్యాసాన్ని మళ్లీ వెనక్కిచ్చేశారు.

పాతకాలపు ఇంగ్లిషు కవిత్వం మీద ఆమె పరిశోధన. మొదట్లో కవులు సమాధుల పక్కన కూర్చుని మెత్తగా కన్నీళ్లు పెట్టుకునేవారు. తర్వాత వచ్చినవాళ్లు తుఫానుల వెంట, కొండల వెంట, భయాల వెంట పడ్డారు. రెండు తరాల గురించీ విరజ బాగానే రాసింది. ఆ కన్నీళ్ల నించి ఈ భయాలకి ఎలా వచ్చారన్నదే రాయలేకపోయింది. సోమవారం యూనివర్సిటీ కమిటీ ముందు అది చెప్పలేకపోతే పరిశోధనే ఆగిపోతుంది.

"మీకు తెలుసు మాస్టారూ! చెప్పేస్తే ఏం పోతుంది?" అని నిలదీసింది. కాలేజీ డిబేట్లలో ఎంతోమంది నోళ్లు మూయించిన గొంతు అది.

మాస్టారు తలకి మఫ్లర్ చుట్టుకున్నారు. "పద, భీమిలి వెళ్దాం."

అక్కడ సముద్రపు ఒడ్డు దగ్గర పాత డచ్చివాళ్ల సమాధులున్నాయి. ఒక పసిబిడ్డ సమాధి మీద పేరు సగం అరిగిపోయింది. విరజ దాన్ని వేళ్లతో తడిమింది. కళ్లు నిండాయి.

"వాళ్లు ఎందుకు ఏడ్చారో ఇప్పుడు తెలిసింది మాస్టారూ."

"బాగుందా?"

"ఏంటి?"

"ఏడుపు."

విరజకి ఒళ్లు మండింది. కానీ అబద్ధమాడలేకపోయింది. "బాగానే ఉంది" అంది, చెంపలు తుడుచుకుంటూ.

మాస్టారు ఆమెని బయటికి తీసుకొచ్చి, ఒడ్డు మీద ఎత్తయిన రాయి చూపించారు. ఆకాశం నల్లబడుతోంది.

"అదెక్కి, ఆ బిడ్డ గురించి నాలుగు మాటలు చెప్పు. నాకు ఇక్కడికి వినిపించాలి."

ఓస్, ఇంతేనా అనుకుంది విరజ. రాయెక్కి గొంతు సవరించుకుంది. మొదటి మాటనే గాలి లాక్కుపోయింది. ఇంకా గట్టిగా అరిచింది. తన గొంతు తనకే వినబళ్లేదు. కింద కెరటం విరిగి, ఉప్పునీళ్లు మొహాన కొట్టాయి. చున్నీ ఎగిరిపోయింది. దాన్ని పట్టుకోవాలని కూడా తోచలేదు. అరుస్తూనే ఉంది. అందులో మాటల్లేవు.

వాన మొదలయ్యాక గానీ దిగి రాలేదు. పళ్లు టకటకలాడుతున్నాయి.

"బిడ్డ గురించి ఏం చెప్పావు?"

"గుర్తు రాలేదు మాస్టారూ. నేనే గుర్తు రాలేదు."

"భయమేసిందా?"

"చచ్చేంత."

"మరి అంతసేపూ దిగలేదేం?"

విరజ సముద్రం వైపు తిరిగి, వానలో అలాగే నిలబడిపోయింది.

"ఆ ఏడుపు నించి ఈ భయానికి ఎలా వచ్చావో, కమిటీ అడిగేదీ అదేనమ్మాయ్" అన్నారు మాస్టారు.